గాలిపటం దారానికి కెమెరా కట్టడం: పికావే చట్రం తయారీ, అమరిక

గాలిపటం దారం ఎప్పుడూ ఒకే వాలులో ఉండదు. గాలి పుంజుకుంటే నిక్కుతుంది, సడలితే వాలిపోతుంది, మధ్యలో వణుకుతూనే ఉంటుంది. అలాంటి దారానికి కెమెరాను నేరుగా బిగిస్తే దారం ఎటు ఒరిగితే కెమెరా కూడా అటే ఒరుగుతుంది. వంద ఫొటోలు తీస్తే తొంభై వంకరగా వస్తాయి, మిగిలిన పదీ మసకగా ఉంటాయి. దారం వాలు మారినా కెమెరా నేలకి సమంగానే వేలాడాలి. దానికోసమే ఈ చట్రం.

1888లో ఫ్రాన్సులోని లాబ్రుగియేర్‌లో ఆర్తుర్ బట్యు గాలిపటం నుంచి ఫొటో తీసినప్పుడు కెమెరాను గాలిపటం చట్రానికే బిగించాడు. మెల్లగా కాలే వత్తి షట్టరును విడిచేది. గాలిపటం ఊగితే కెమెరా కూడా ఊగేది. 1906 భూకంపం తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో శిథిలాలను జార్జ్ లారెన్స్ 17 గాలిపటాల వరుసతో, 20 కిలోలు దాటిన కెమెరాతో తీశాడు. 1912లో పియేర్ పికావే అనే ఫ్రెంచివాడు మరో దారి చూపించాడు. శిలువ ఆకారపు చట్రం నాలుగు కొసలకూ ఒకే తాడును ఎక్కించి, గాలిపటం దారం మీది రెండు చోట్ల నుంచి వేలాడదీశాడు. నేటికీ ఎక్కువమంది వాడేది ఆ పద్ధతే. ఇంట్లో చేసుకోవడానికి ఒక రోజు చాలు.

ఎలా పనిచేస్తుంది

దారం మీద ఒకటి పైన, ఒకటి కింద రెండు పట్టు బిందువులుంటాయి. శిలువ ప్రతి కొస నుంచీ ఒక పాయ పై బిందువుకి, ఒక పాయ కింది బిందువుకి వెళ్తుంది. కొసల్లో గిలకలున్నాయి కాబట్టి దారం నిక్కినప్పుడు తాడు వాటి గుండా జారి, ఒక వైపు పాయ పొడుగవుతుంది, రెండో వైపు పాయ పొట్టిదవుతుంది. శిలువ కొద్దిగా కింది బిందువు వైపుకి జరుగుతుందే గానీ వంగదు. కింద వేలాడే కెమెరా బరువు దాన్ని సమంగా లాగి ఉంచుతుంది.

ఒక్క కర్రకి కెమెరా తగిలించి లోలకంలా వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. చేయడం తేలికే. కానీ మీటరు పొడవు లోలకం ఒకసారి ఊగి రావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది, గాలిపటం దారం కుదుపులు ఆ లయకి కలిసినప్పుడు ఊగుడు ఆగదు. అందుకే మొదటిసారి చేసేవాళ్లు కూడా పికావేతో మొదలుపెట్టడమే మేలు.

కావలసినవి

- అల్యూమినియం పట్టీ, 20 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం: 30 సెం.మీ. ముక్కలు 2. ఇవి శిలువకి.
- అల్యూమినియం పట్టీ, 25 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం: 40 సెం.మీ. ముక్క ఒకటి, 23 సెం.మీ. ముక్క ఒకటి. ఇవి కెమెరా పట్టుకునే చట్రానికి.
- 16 మి.మీ. చిన్న గిలకలు 4. దొరకకపోతే నునుపైన 4 మి.మీ. ఐ బోల్టులు (తల స్థానంలో గుండ్రటి కన్నం ఉన్నవి) 4.
- 25 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు రింగులు 2, అతుకు గరుకుగా లేనివి.
- 12 నుంచి 15 మి.మీ. చిన్న రింగు 1.
- అల్లిన పాలియెస్టర్ తాడు, 1.5 నుంచి 2 మి.మీ. లావు, 8 మీటర్లు.
- 6 మి.మీ. బోల్టు, 25 మి.మీ. పొడవు: 1, మామూలు నట్టు ఒకటి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వణుకుకి వదులు కానిది) ఒకటి.
- 5 మి.మీ. బోల్టులు 2, నైలాక్ నట్టులతో. 3 మి.మీ. బోల్టులు 2. నైలాన్ వాషర్లు 8.
- కెమెరా అడుగున పట్టే పావు అంగుళం బోల్టు 1. అంగుళానికి 20 మరలున్నదే పట్టుతుంది, ఇంకోటి పట్టదు.
- చిన్న కారబినర్లు (స్ప్రింగు మూత ఉన్న కొక్కేలు) 2.

అల్యూమినియం కిటికీలు చేసే షాపులో ఈ పట్టీల ముక్కలు తూకానికి ఇస్తారు. బరువు లెక్క ముందే వేసుకోండి. 20×2 పట్టీ సెంటీమీటరుకి 1.1 గ్రాములు తూగుతుంది, 25×2 పట్టీ 1.35 గ్రాములు. అంటే శిలువ 65, కెమెరా చట్రం 85 గ్రాములు. గిలకలు, బోల్టులు, రింగులు కలిపితే 220 గ్రాముల దగ్గర ఆగుతుంది. 250 గ్రాముల చిన్న కెమెరాతో మొత్తం అరకిలో లోపే. గట్టిగా ఉంటుందని 3 మి.మీ. మందం పట్టీ తీసుకుంటే ఒక్కసారిగా 75 గ్రాములు పెరుగుతుంది. ఆ బరువు మోయడానికి ఇంకాస్త గాలి కావాలి, అంటే ఎగరేయగల రోజులు తగ్గుతాయి.

శిలువ

రెండు 30 సెం.మీ. ముక్కల సరిగ్గా మధ్యన 6 మి.మీ. బెజ్జం వేయండి. కొసలకి 8 మి.మీ. లోపల గిలకల కోసం 4 మి.మీ. బెజ్జాలు. డ్రిల్లు పెట్టే ముందు మేకుతో చిన్న గంటు కొట్టుకోండి, లేకపోతే బిట్టు జారి బెజ్జం పక్కకి పోతుంది. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా నాలుగు కొసల దూరం సమానంగా ఉండదు, శిలువ శాశ్వతంగా ఒక పక్కకి ఒరుగుతుంది.

ముక్కల్ని మూలమట్టంతో లంబంగా పేర్చి బోల్టును పైనుంచి దించి కింద మామూలు నట్టుతో బిగించండి. ఒక్క బోల్టు మీదే ఉంటే గాలిలో రెండు పట్టీలూ కత్తెరలా ముడుచుకుంటాయి. అందుకని అవి కలిసే చదరంలో ఎదురెదురు మూలల దగ్గర, నడి బెజ్జానికి 9 మి.మీ. దూరంలో రెండు 3 మి.మీ. బోల్టులు బిగించాలి. వాటి తలలు కిందికి రావాలి.

అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా చేసి ఆపైన ఉప్పుకాగితంతో రుద్దండి. అంచు మీద వేలు నిమిరితే ఎక్కడా గీరుకోకూడదు. కోసిన అల్యూమినియం అంచు సన్నతాడును పది నిమిషాల్లో పీచు చేస్తుంది.

గిలకల్ని పట్టీకి నేరుగా బిగించకండి. తాడు ఏటవాలుగా వస్తుంది, గిలక అటు తిరగలేకపోతే తాడు చక్రం మీంచి దిగి పక్క సందులో ఇరుక్కుంటుంది. చిన్న తాడు ఉచ్చుతో కట్టి, ఎటైనా తిరిగేలా వదిలేయండి.

కెమెరా చట్రం

40 సెం.మీ. ముక్కను 13, 14, 13 సెం.మీ. కొలతలతో తలకిందులైన U ఆకారంలో వంచాలి. 23 సెం.మీ. ముక్కను 5, 13, 5 కొలతలతో మామూలు U గా వంచాలి. రెండోది మొదటిదాని లోపల ఊయలలా కూర్చుంటుంది, కెమెరా దానిలో ఉంటుంది.

కిటికీ పట్టీ గట్టి రకం అల్యూమినియం. వైస్‌లో పెట్టి పదునుగా మడిస్తే మడత బయటి వైపు పగులుతుంది. వైస్ దవడకి పక్కన 6 మి.మీ. కడ్డీ పెట్టి, దాని చుట్టూ వంచండి. వంచాక మడతను వెలుతురులో చూడండి. తెల్లటి సన్నగీత కనిపిస్తే పగులు మొదలైనట్టే, ఆ ముక్క పక్కన పెట్టేయండి.

లోపలి U పక్కల్లో, అడుగు నుంచి 3 సెం.మీ. ఎత్తులో 5 మి.మీ. బెజ్జాలు వేయాలి. 6 సెం.మీ. ఎత్తున్న కెమెరాకి బరువు నడిమి దాదాపు అక్కడే ఉంటుంది కాబట్టి ఏ వాలులో పెట్టినా కెమెరా తనంతట తాను తిరగదు. బయటి U పక్కల్లో బెజ్జాలు పైనుంచి 11.5 సెం.మీ. కింద. రెంటికీ మధ్య ఒక్కో వైపు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది, దాన్ని నైలాన్ వాషర్లతో నింపండి. చేత్తో నెడితే కదలాలి, ఊపితే కదలకూడదు. నట్టు అంతవరకే బిగించాలి.

లోపలి U అడుగున కెమెరా బోల్టుకి ఒక్క బెజ్జం కాకుండా 4 సెం.మీ. గాడి కోయండి. చాలా కెమెరాల అడుగు బెజ్జం మధ్యలో ఉండదు, కెమెరాను అటూ ఇటూ జరిపి బరువు సరిచూసుకోవడానికి గాడి కావాలి. బోల్టు కెమెరాలోకి 5 మి.మీ. మించి పోకూడదు. పొడుగైతే వాషర్లు పెట్టి తగ్గించుకోండి. బలవంతంగా తిప్పితే కెమెరా అడుగు పగులుతుంది.

బయటి U నడిమి బెజ్జాన్ని శిలువ బోల్టుకి ఎక్కించి, నైలాన్ వాషరు, నైలాక్ నట్టు వేయండి. పైన ముందే బిగించిన మామూలు నట్టు 5 మి.మీ. ఎడం ఇస్తుంది, అందువల్ల చిన్న బోల్టుల తలలు చట్రానికి తగలవు, కెమెరా దిక్కు చేత్తో మార్చుకోవచ్చు. నైలాక్ కాని ప్రతి నట్టు మీదా నెయిల్ పాలిష్ చుక్క వేయండి. దారం వణుకు నట్టులను వదులు చేస్తుంది.

తాడు ఎక్కించడం

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. 1.2 మీటర్ల ఎడంలో రెండు కుర్చీలు పెట్టి, వాటి వీపులకి చెరో పెద్ద రింగు కట్టండి. ఎడమ రింగు పేరు 'క', కుడి రింగు పేరు 'చ' అనుకుందాం. శిలువను మధ్యన నేల మీద పెట్టి, ఒక పట్టీ క నుంచి చ వైపు చూసేలా తిప్పండి. క వైపు కొస 1, మీ వైపు కొస 2, చ వైపు కొస 3, ఎదురు వైపు కొస 4. కొసల మీద మార్కరుతో రాసేయండి, మైదానంలో పనికొస్తుంది.

1. తాడు ఒక చివరను క రింగుకి బిగుసుకోని ఉచ్చు ముడితో కట్టండి.
2. 1వ కొసకి దించి గిలకలోంచి తీయండి.
3. అక్కడి నుంచి పైకి, ముందు చిన్న రింగులోంచి, తర్వాత చ రింగులోంచి.
4. 2వ కొసకి దించండి.
5. పైకి క రింగులోంచి.
6. 3వ కొసకి దించండి. దించేటప్పుడు అదే చిన్న రింగులోంచి పోనివ్వాలి.
7. పైకి చ రింగులోంచి.
8. 4వ కొసకి దించండి.
9. పైకి తెచ్చి క రింగుకి విప్పగలిగే ముడి వేయండి.

ఇప్పుడు లెక్కపెట్టుకోండి. ప్రతి కొస నుంచీ రెండు పాయలు, ఒకటి కకి, ఒకటి చకి. క దగ్గర నాలుగు, చ దగ్గర నాలుగు, మొత్తం ఎనిమిది. ఏ కొస నుంచైనా రెండు పాయలూ ఒకే రింగుకి వెళ్తుంటే ఆ కొస దాకా విప్పి మళ్లీ ఎక్కించండి. శిలువ రింగులకి 60 సెం.మీ. కింద వేలాడేలా తాడు సర్దితే ముడుల మధ్య దాదాపు 6.9 మీటర్లు వస్తుంది. అక్కడ ముడి ఖాయం చేసి, పది సెంటీమీటర్ల తోక వదిలి మిగతాది కోసి, కొసను అగ్గిపుల్లతో కరిగించండి.

చిన్న రింగు ఎక్కడుందో చూడండి. 1 నుంచి చకి వెళ్లే పాయ, క నుంచి 3కి వచ్చే పాయ ఒకదాన్నొకటి దాటేచోట, శిలువ నడిమికి పది పన్నెండు సెంటీమీటర్ల పైన అది తేలుతూ ఉండాలి. దాన్ని కట్టకండి, అంటించకండి. శిలువ గిరగిరా తిరగాలంటే ఆ రెండు పాయలూ దూరం జరగాలి, రింగు జరగనివ్వదు. చాలామంది ఇది అలంకారమనుకుని వదిలేస్తారు, తర్వాత కెమెరా చుట్టూ తిరిగి ఎనిమిది పాయలూ పేనిన తాడైపోయాయని వాపోతారు.

క, చ రింగులకి గిలకలు పెట్టకపోవడం కావాలని చేసిందే. కొసల్లో నునుపు, పైన కాస్త రాపిడి ఉంటే ఊగుడు త్వరగా చల్లారుతుంది. ఆరు చోట్లా మంచి బేరింగు గిలకలు వేసిన చట్రం చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి తగలగానే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఐ బోల్టులతో చేసిన చవక చట్రం ఒక్కోసారి దానికంటే నిలకడగా ఉండేది ఇందుకే.

నేల మీద పరీక్ష

కెమెరా బిగించి, ఫోనులోని మట్టం యాప్‌తో శిలువ సమంగా ఉందో చూడండి. ఒరిగితే కెమెరాను గాడిలో జరపండి, తాడు జోలికి పోకండి. తర్వాత ఒక రింగును 60 సెం.మీ. పైకెత్తండి. శిలువ కింది రింగు వైపుకి జరిగి, మళ్లీ సమంగా నిలవాలి. ఒరిగిపోయి అలాగే ఉంటే ఎక్కడో తాడు ఇరుక్కుంది, ఎక్కువసార్లు అది గిలక సందులోనే. చేత్తో పావు వంతు తిప్పి వదిలితే వెనక్కి రావాలి. రాకుండా ఊగుతూనే ఉంటే క, చ రింగుల దగ్గర తాడును రింగు చుట్టూ ఇంకో చుట్టు తిప్పండి, రాపిడి పెరుగుతుంది.

కెమెరా పట్టీ తగిలించే కన్నం నుంచి శిలువకి విడిగా ఒక సన్నతాడు కట్టండి. బోల్టు ఊడినా కెమెరా నేల మీద పడదు.

దారానికి తగిలించడం

గాలిపటం దారాన్ని కోయకుండా, ముడి వేయకుండా తగిలించాలి. ముడి వేసినచోట దారం బలం సగానికి పడిపోవచ్చు. 8 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ముక్కలు రెండు తీసుకుని, రెండు చివర్లలో 1 సెం.మీ. లోతు చీలికలు కోసి, మధ్యన కారబినర్‌కి బెజ్జం వేయండి, ఒక ముక్క కారబినర్‌కి క రింగు, రెండోదానికి చ రింగు తగులుతాయి. దారాన్ని ఒక చీలికలో పెట్టి, ముక్క చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, రెండో చీలికలోంచి బయటికి తీస్తే చాలు, లాగినకొద్దీ బిగుస్తుంది. చీలిక లోపలి అంచులు కూడా ఉప్పుకాగితంతో రుద్దాలి.

దారం 90 కిలోల లాగుడు తట్టుకునే అల్లిన డాక్రాన్ (ఒక పాలియెస్టర్) రకం తీసుకోండి. గాజు మాంజా ఈ పనికి ఎప్పుడూ వద్దు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. సంక్రాంతి రోజుల్లో ఊళ్లో కెమెరా ఎగరేయకపోవడమే మంచిది, పక్కవాళ్ల మాంజా తగిలితే మీ దారం తెగుతుంది, అరకిలో లోహం జనం మీద పడుతుంది.

ఎగరేయడం

గాలిపటం నిలకడగా లాగేదై ఉండాలి. పోటీల్లో వాడే చిన్న పతంగులు దీనికి చాలవు. తేలిక గాలికి రెండు మీటర్ల జపాన్ రొక్కాకు (ఆరు మూలల గాలిపటం), మామూలు గాలికి మూడు మీటర్ల డెల్టా (త్రికోణపు గాలిపటం), గట్టి గాలికి చట్రం లేని, గాలితో ఉబ్బే పారాఫాయిల్. స్ప్రింగ్ త్రాసు దారానికి తగిలించి చూడండి. చట్రం, కెమెరా బరువుకి మూడు నాలుగు రెట్లు లాగాలి. అరకిలోకి కిలోన్నర నుంచి రెండు కిలోలు. అంత లేకపోతే ఆ రోజు కెమెరా కట్టకండి. తీరంలో మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలి నునుపుగా ఉంటుంది. చెట్లు, భవనాలు దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది.

ముందు గాలిపటాన్ని ఒంటరిగా 30 మీటర్లు పైకి పంపి పది నిమిషాలు గమనించండి. నిలకడ కుదిరాక దారాన్ని గట్టి ఆసరాకి కట్టి, గాలిపటానికి 20 నుంచి 30 మీటర్ల కింద రెండు ముక్కలనీ 1.2 మీటర్ల ఎడంలో తగిలించండి. గాలిపటానికి మరీ దగ్గరైతే దాని ప్రతి కుదుపూ కెమెరాకి తెలుస్తుంది. కెమెరాను ఐదు సెకన్లకొక ఫొటో తీసేలా పెట్టి, చేతిలో ఉండగానే నాలుగైదు తీయించి చూడండి. ఫోకస్ అనంతానికి కట్టేయండి.

షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకి తక్కువ వద్దు, రెండువేలో వంతైతే మంచిది. లెక్క చూడండి: 60 డిగ్రీల దృశ్యం 4,000 పిక్సెళ్ల వెడల్పులో పడితే ఒక్కో పిక్సెల్ 0.015 డిగ్రీలు. కెమెరా సెకనుకి 30 డిగ్రీలు తిరుగుతుంటే వెయ్యో వంతు సెకనులో రెండు పిక్సెళ్లు మసకబారుతుంది, రెండువేలో వంతులో ఒక్కటే. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచితే వచ్చే గరుకును తర్వాత సవరించుకోవచ్చు, మసకను సవరించలేం. అదే కెమెరా 50 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా చూస్తే 58 మీటర్ల వెడల్పు నేల ఫొటోలో పడుతుంది.

దించేటప్పుడు దారం చుట్టకండి. ఆసరాకి కట్టి ఉంచి, తోలు తొడుగులు వేసుకున్న చేత్తో దారాన్ని కిందికి నొక్కుతూ కెమెరా వైపు నడవండి. కెమెరా చేతికందాక ముందు దాన్ని విప్పి, ఆ తర్వాతే గాలిపటాన్ని దించాలి.

పొరపాట్లు, వాటి కారణాలు

ఫొటోలన్నీ ఒకే వైపు ఒరిగితే బరువు నడిమిలో లేదు. ఒక్కో ఫొటో ఒక్కో వైపు ఒరిగితే తాడు గిలకలో ఇరుక్కుంటోంది. ఒరుగు లేదు గానీ దిక్కు మారుతూ ఉంటే చిన్న రింగు పొరపాటు పాయల మీద ఉంది, లేదా రాపిడి చాలదు. కెమెరా పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంటే తప్పు చట్రానిది కాదు, గాలిపటం ఆ గాలికి చిన్నదో పెద్దదో అయ్యుంటుంది. కింది పట్టుముక్క దారం మీద జారి పైదాని వైపుకి వస్తే చుట్లు పెంచండి. అవి దగ్గరైతే కెమెరా కిందికి దిగిపోవడమే గాక తిరగడం మొదలుపెడుతుంది.

కరెంటు తీగల దరిదాపుల్లోకి వెళ్లకండి, తడిసిన దారంలో కరెంటు పారుతుంది. మబ్బు ఉరిమితే దించేయండి. మన దేశంలో 1934 విమాన చట్టం విమానం నిర్వచనంలోనే గాలిపటాన్ని చేర్చింది. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది. విమానాశ్రయాలకీ సైనిక స్థలాలకీ దూరంగా ఉండండి, పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ముందే అనుమతి అడగండి, కొత్త ఊళ్లో స్థానిక పోలీసులకి చెప్పండి.

విప్పాక తాడును అలాగే సంచీలో కుక్కితే మళ్లీ విడదీయడానికి గంట పడుతుంది. క, చ రింగులు రెండింటినీ ఒకే కారబినర్‌కి తగిలించి, ఎనిమిది పాయలనీ కలిపి పట్టుకుని, శిలువ కొసల చుట్టూ వదులుగా చుట్టి, చివర కారబినర్‌ను ఒక పట్టీకి కొక్కించండి. మళ్లీ వాడేటప్పుడు కారబినర్ పట్టుకుని వదిలితే చట్రం తన బరువుకి తానే విచ్చుకుంటుంది.